నూనె సోకని శౌరయ్య

హనుమాన్ జంక్షన్ దాటి ఏలూరు వైపు కొంచెం దూరం పోతే, పొలాల మధ్య తెల్లటి పొడుగాటి డబ్బా ఒకటి నిలబడి కనిపిస్తుంది. దానికి కిటికీలు లేవు. బయట నుంచి ఇనపమెట్లు మాత్రం పైదాకా ఉన్నాయి. బస్సులో పోయేవాళ్లు అదేదో ధాన్యం గోదాం అనుకుంటారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి అది గాలి ఫ్యాక్టరీ. ఊరికే వచ్చే గాలిని పట్టి అమ్ముకుంటున్నారని నవ్వుకుంటారు కూడా. నవ్వేవాళ్ల ఇంట్లో ఎవరికైనా ఆయాసం వచ్చి ఆసుపత్రిలో చేరితే, ముక్కుకి పెట్టే గొట్టంలోంచి వచ్చేది అక్కడి సరుకే. ఆ సంగతి వాళ్లకి అప్పుడు గుర్తురాదు.

లోపల జరిగేది చెప్పడానికి తేలికే. బయటి గాలిని పీల్చి, దుమ్మూ తేమా తీసేసి, గట్టిగా అదిమి, చల్లార్చి చల్లార్చి నీళ్లలా చేస్తారు. ఆ నీళ్లని ఆ తెల్లటి డబ్బాలో మెల్లగా మరగనిస్తారు. ముందు నైట్రోజన్ ఆవిరై పైకి పోతుంది. ఆక్సిజన్ అడుగున నిలుస్తుంది. మధ్యలో కాస్త ఆర్గాన్ చిక్కుతుంది. సారా బట్టీ చూసినవాళ్లకి ఇందులో వింతేమీ కనిపించదు. అక్కడ మంటతో చేసే పనిని ఇక్కడ చలితో చేస్తారు, అంతే. శౌరయ్యకి ఈ పోలిక చెప్పింది పాత ఫోర్‌మన్ రామ్మూర్తి. ఆయనకి బట్టీ సంగతులు అంత బాగా ఎలా తెలుసని శౌరయ్య ఎప్పుడూ అడగలేదు.

నైట్రోజన్ చిప్స్ ప్యాకెట్లు ఊదేవాళ్లకి పోతుంది. ఆర్గాన్ స్టీలు అతికేవాళ్లకి పోతుంది. ఆక్సిజన్ ఆసుపత్రులకీ, బెజవాడ ఆటోనగర్‌లో ఇనుము కోసేవాళ్లకీ, కైకలూరు వైపు చేపపిల్లల్ని బండ్లలో తోలేవాళ్లకీ పోతుంది. ఎవరికి పోయినా సిలిండర్లలోకి ఎక్కాలి. ఆ ఎక్కించే షెడ్డులో పెద్దదిక్కు శౌరయ్య.

చల్లపల్లి దగ్గర పల్లెలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టాడు. మీసాలొచ్చే వయసులో ఖాళీ సిలిండర్లు లారీల్లోంచి దించే పనికి ఇక్కడికొచ్చాడు. రామ్మూర్తి కంట్లో పడ్డాడు. సిలిండర్ని చిన్న సుత్తితో కొట్టి, ఖంగుమంటే మంచిదనీ, బొంగురుగా పలికితే పక్కన పెట్టాలనీ నేర్చుకున్నాడు. నిండుతున్న సిలిండర్ ఒళ్లు వెచ్చబడుతుంది, వెచ్చబడనిదాంట్లోకి గ్యాస్ ఎక్కడం లేదన్నమాట. అది అరచేత్తో తడిమి తెలుసుకునే పని. వాల్వుకి ఎదురుగా నిలబడకూడదు, గబుక్కున తిప్పకూడదు. ఇవన్నీ నేర్పాక రామ్మూర్తి చివరికి చొక్కా చెయ్యి మడిచి మోచేతి దాకా ముడతలు పడ్డ చర్మం చూపించాడు. ఒకసారి వాల్వు మరని నూనె గుడ్డతో తుడిచాడట. మామూలు గాలిలో నూనెకి నిప్పు కావాలి, గట్టిగా అదిమిన ఆక్సిజన్ తగిలితే అదేమీ అక్కర్లేదు.

"చేతికి నూనె ఉండకూడదు, తలకి ఉండకూడదు, బట్టకి ఉండకూడదు," అన్నాడు రామ్మూర్తి. "ఎందుకుండకూడదో నన్నడక్కు, ఈ చేతినడుగు."

శౌరయ్య ఆ చేతిని మరి మర్చిపోలేదు. అప్పట్నుంచీ తలకి చుక్క నూనె ముట్టించలేదు. జుట్టు కొబ్బరిపీచులా లేచి నిలబడేది. పెళ్లైన కొత్తలో అత్తగారు పండక్కి తలంటుదామని గిన్నెతో వస్తే ఇంట్లోంచి లేచి వీధిలోకి పోయాడు. "అల్లుడికి బుర్రలో ఏవైనా తేడా ఉందా?" అని ఆమె కూతురు దానమ్మని చాటుగా అడిగింది. దానమ్మకి కూడా అప్పటికి ఆ అనుమానం లేకపోలేదు.

పనిలో నూనె తగలకూడదని తెలిశాక మాత్రం, ఎందుకో అతను చెప్పకపోయినా, దానమ్మ ఇల్లంతా ఆ పనికి తగ్గట్టు మార్చేసింది. డ్యూటీ రోజుల్లో పొద్దున్నే ఇడ్లీ తప్ప దోసె లేదు. క్యారేజీలో పెరుగన్నం, దాంతో ఒక చెంచా. భర్త యూనిఫాం విడిగా ఒక బకెట్టులో నానబెట్టి ఉతికేది, ఇంట్లోవాళ్ల బట్టలు అందులో పడనిచ్చేది కాదు. కృష్ణా జిల్లాలో పుట్టి ఆవకాయ ముట్టకుండా వారమంతా ఉండగలిగిన మనిషి ఇంకొకడు ఉంటాడని నేననుకోను. వారం సెలవు రోజున మాత్రం శౌరయ్య జాడీ దగ్గర పెట్టుకుని కూర్చునేవాడు. ఆ రోజు ఇంటికి చుట్టాలొచ్చినా పలకరింపులు అన్నం తిన్నాకే.

ఇంత నిష్ఠ ఉన్న మనిషికి పక్కవాడి మీద జాలి తక్కువ ఉంటుంది. శౌరయ్యకీ తక్కువే. షెడ్డులో అతనితో కలిసి పనిచేసే యేసుబాబు పెళ్లి కుదిరినప్పుడు సెలవు దొరకలేదు. ముందురోజు సాయంత్రం పెళ్లికొడుకుని చేసి, మేనత్తలు తలకి నూనె దట్టించి నలుగు పెట్టారు. పొద్దున్నే కుంకుడుకాయతో రుద్దుకుని డ్యూటీకి వచ్చాడు. చెవుల వెనకాల ఇంకా మెరుస్తూనే ఉంది. శౌరయ్య చూశాడు.

"మా అత్త రాసింది బాబాయ్, నేనొద్దంటానే ఉన్నా," అన్నాడు యేసుబాబు.

"ఎవరు రాస్తే ఏందిరా, తల నీదే కదా," అని శౌరయ్య తిన్నగా ఆఫీసుకి వెళ్లి చెప్పేశాడు. యేసుబాబు ఉద్యోగం పోయింది. పెళ్లి మాత్రం ఆగలేదు. ఇప్పుడతను హనుమాన్ జంక్షన్‌లో బజ్జీల బండి పెట్టుకున్నాడు. నూనె వల్ల పని పోయినవాడు నూనె మూకుడు ముందే సంసారం నడుపుతున్నాడు. కనబడినప్పుడల్లా శౌరయ్యని బాబాయ్ అనే పిలుస్తాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా శౌరయ్య అడుగు కాస్త తొందరపడుతుంది.

ఏళ్లు గడిచాయి. రామ్మూర్తి పోయాడు. ఆ షెడ్డు శౌరయ్యదయింది. కాగితం మీద కాదు, అందరి మాటలోనూ. లారీ డ్రైవర్లు కూడా "శౌరయ్యగారి చేతి సిలిండర్" అని అడిగి ఎక్కించుకునేవాళ్లు. అతనికి వేరే గొప్పలేవీ లేవు. సొంత పొలం లేదు, మాత గుడిలో పెద్దరికం లేదు. ఆ షెడ్డులో నిలబడ్డప్పుడే తనకంటూ ఒక విలువ ఉందనిపించేది. అది పోతే తన దగ్గర ఇంకేం మిగలదని అతనికి బాగా తెలుసు.

ఒక ఏడాది ఎండాకాలం ముందు, ఎక్కడో దూరపు ఊళ్లో సిలిండర్ పేలి ఇద్దరు పోయిన వార్త టీవీలో వచ్చింది. ఛానెల్‌వాళ్లు ఆ పొగనే రోజంతా తిప్పి తిప్పి చూపించారు. దానమ్మ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

"నిన్ను ఆ సిలిండర్ల కాడ్నుంచి మార్చమని అడుగయ్యా," అంది. "గేటు కాడో, కాటా కాడో ఏదో ఒకటి చేసుకో."

"నింపేవాడికి నింపటం రాకపోతే పేల్తాయి. నాకు వచ్చు," అని శౌరయ్య తేల్చేశాడు. ఆమె తర్వాత ఆ మాట ఎత్తలేదు. మాట ఎత్తకపోతే మానేసినట్టేనని శౌరయ్య అనుకున్నాడు. అన్నేళ్లు కాపురం చేసి కూడా అలా అనుకున్నాడంటే మగవాళ్ల తెలివికి ఏం చెప్పాలి.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున ఫ్యాక్టరీ గదిలో బట్టలు మార్చుకుంటున్నాడు. చొక్కా తొడుక్కోబోతూ విదిలించాడు. కిటికీలోంచి ఎండ బట్ట మీద పడింది. లోపలి వైపు, జేబు వెనక, గుండె మీదకొచ్చే చోట చిన్న సిలువ కనిపించింది. వేలితో గీసిన సిలువ, బట్ట అక్కడ నిగనిగలాడుతోంది. ముట్టుకుంటే వేలికి జిడ్డు తగిలింది. వాసన చూశాడు.

ఇంట్లో మరియమాత బొమ్మ పక్కన ఒక నూనె సీసా ఉంటుంది. గుణదల కొండ మీద మాత తిరునాళ్లకి వెళ్లినప్పుడు దానమ్మ కొనుక్కొచ్చి, ఊళ్లో ఫాదర్‌గారి చేత ప్రార్థన చేయించుకున్నది. మనవడికి జ్వరమొస్తే నుదుటి మీద, కొత్త గడప పెట్టినప్పుడు గడప మీద, ఆ నూనెతోనే సిలువ వేసింది. ఆ సిలువ గీసే తీరు శౌరయ్యకి తెలుసు. అడ్డగీత కుడి వైపు కొంచెం కిందకి జారుతుంది. ఆ చొక్కా మీదా అలాగే జారి ఉంది.

ముందు అతనికి భయం వేసింది. ఆ భయం తనకేమైనా అయ్యేదని కాదు. తన వేళ్లు ఆ జేబులోకి ఎన్నిసార్లు పోయి ఉంటాయో, ఆ వేళ్లతో ఎన్ని వాల్వులు తిప్పాడో, తన పక్కన ఎవరెవరు నిలబడి ఉన్నారో అని. తర్వాత దానమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ తర్వాతే, ఈ సంగతి తనకి తప్ప ఎవరికీ తెలియదన్న ఊహ వచ్చింది.

అలమరలో కంపెనీ ఇచ్చిన కొత్త చొక్కా ఒకటి మడత విప్పకుండా ఉంది. దాన్ని ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి తొడుక్కున్నాడు. చేతులు సబ్బుతో కడుక్కుని, మళ్లీ కడుక్కున్నాడు. సిలువ ఉన్న చొక్కాని సంచిలో కుక్కి షెడ్డుకి వెళ్లాడు. కుర్రతనం నుంచీ తన కింద పనిచేస్తున్న లక్ష్మీకాంత్ సిలిండర్లని వరసగా నిలబెట్టి ఎదురుచూస్తున్నాడు. శౌరయ్య మొదటి గొట్టం మీద చెయ్యి వేశాడు. నిన్న ఇదే గొట్టాన్ని ఏ చేత్తో బిగించాడో గుర్తొచ్చింది. యేసుబాబు చెవుల వెనక మెరుపు కూడా గుర్తొచ్చింది. వాడి ఉద్యోగం తీసేసింది ఇంతకంటే పెద్ద తప్పుకేం కాదు.

"కాస్త ఆగరా," అని లక్ష్మీకాంత్‌తో చెప్పి, సంచి తీసుకుని భద్రత చూసే ఇంజనీరు రాగిణి గదికి వెళ్లాడు. రాగిణి బెజవాడ గవర్నర్‌పేట నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి. పనిలో ఖచ్చితం, మాటలో నెమ్మది. చొక్కా బల్ల మీద పరిచి చూపిస్తే ఆమె వేలితో తడిమి చూసింది. ముందు ఫోన్ తీసి షెడ్డు ఆపమని చెప్పింది. గొట్టాలూ మరలూ అన్నీ విప్పి శుభ్రం చేయమంది. గేటు దగ్గర లారీల హారన్లు మొదలయ్యాయి.

"ఇది మీరు పెట్టుకున్నది కాదని చూస్తేనే తెలుస్తోంది శౌరయ్యగారూ," అంది. "ఇంట్లో ఎవరో తెలియక రాసి ఉంటారు. ఆ మాట చెప్పండి. పొరపాటు కింద రాసి, హెచ్చరికతో సరిపెట్టేట్టు చూస్తాను. మీరే పెట్టుకున్నారంటే మాత్రం నేను చేయగలిగిందేం లేదండీ."

ఒక్క మాట అంటే శౌరయ్యకి షెడ్డు దక్కుతుంది. ఆ మాట సాయంత్రానికల్లా క్యాంటీన్‌కీ, ఆదివారానికల్లా గుడికీ చేరుతుంది. మొగుణ్ణి తగలబెట్టబోయిన ఆడది అని దానమ్మ వెనకాల గుసగుసలాడతారు. అదీగాక, తల నీదే కదా అని ఒకప్పుడు అన్న నోరు ఇదే.

"నేనే పెట్టుకున్నానమ్మా," అన్నాడు. "మొక్కుంది."

రాగిణి నమ్మలేదు. నమ్మలేదని అతనికీ తెలిసింది. అయినా ఆమె ఇంకోసారి అడగలేదు. అతను చెప్పిందే రాసుకుంది.

యజమాని అతన్ని పిలిపించుకుని, ఇన్నేళ్ల మనిషివి కాబట్టి పంపించెయ్యడం లేదన్నాడు. రేపట్నుంచి గేటు దగ్గర, వచ్చే పోయే ఖాళీ సిలిండర్లు చూసుకోమన్నాడు. షెడ్డు లక్ష్మీకాంత్‌కి అప్పగించమన్నాడు. శౌరయ్య సుత్తి తీసి లక్ష్మీకాంత్ చేతిలో పెట్టాడు. శౌరయ్యకి ఏడుపొచ్చింది. పంపు దగ్గరికి వెళ్లి మొహం కడుక్కున్నాడు.

జంక్షన్‌లో ఆటో దిగాక కాళ్లు ఇంటి వైపు పోలేదు. బజ్జీల బండి దగ్గర ఆగాడు. యేసుబాబు కాగితంలో వేడివేడిగా వేసిచ్చాడు. డ్యూటీ రోజున శౌరయ్య తెలిసి వేళ్లకి నూనె అంటించుకోవడం అదే మొదలు. జరిగింది చెప్పాడు, దానమ్మ పేరు మాత్రం రానివ్వలేదు. వాడు తిడితే బాగుండుననుకున్నాడు.

యేసుబాబు మూకుట్లో బజ్జీలు తిరగేశాడు. "నీకు గేటు కాడన్నా పనిచ్చారుగా బాబాయ్," అన్నాడు. "నాకు అది కూడా అడిగినోళ్లు లేరు."

శౌరయ్య తిన్నన్ని తిని, మిగిలినవి చేత్తో పట్టుకుని ఇంటి దారి పట్టాడు. దారి పొడుగునా దానమ్మని ఏమేం అనాలో కూడబలుక్కున్నాడు. అవి చాలా గట్టి మాటలు.

దానమ్మ వరండాలో కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది.

"ఏందయ్యా, పెందలాడే వచ్చావు?"

"నన్ను గేటు కాడికి మార్చారు."

ఆమె చేతిలో కాడ అలాగే ఉండిపోయింది. "ఇంక సిలిండర్ల కాడికి పోవా?"

"పోను."

దానమ్మ లేచి లోపలికి వెళ్లింది. మాత బొమ్మ ముందు నిలబడి సిలువ వేసుకుంది. వచ్చేటప్పటికి కళ్లలో నీళ్లున్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"విన్నదయ్యా తల్లి! ఆ టీవీలో చూసిన కాడ్నుంచి నాకు ఒకటే మొక్కు. నీకు చెప్తే ఇనవుగా. మా ఆయన్ని ఆడ్నుంచి తప్పిస్తే నీ కొండకి కాలినడకన వస్తానని మొక్కుకున్నా."

శౌరయ్య కూడబలుక్కున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. ఇన్ని నెలలుగా ఈ మనిషి తను ఇంటికొచ్చేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికిందని అప్పుడు అర్థమయింది. కోపం పోయి, ఆమె మీద పెళ్లైన కొత్తలో లేని ప్రేమ కలిగింది. చెప్పకపోతే ఏం పోయింది అనుకున్నాడు. ఫ్యాక్టరీలో ఒక అబద్ధం ఆడాడు, ఇంట్లో నోరు మూసుకుంటే చాలు. చేతిలో పొట్లం ఆమెకిచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"మరి నీ చోట్లో ఎవర్ని పెట్టారు?"

"లక్ష్మీకాంత్‌ని."

"అయ్యో. వాడి పెళ్లాం కడుపుతో ఉంది కదయ్యా. నాకు మల్లేనే ఎంత బెంగ పడిద్దో." దానమ్మ గబగబా లోపలికి పోయి మాత పక్కనున్న నూనె సీసా, ఖాళీ మందుసీసా ఒకటి పట్టుకొచ్చింది. "కాస్త ఆ అమ్మాయికి పోసిచ్చొస్తా. వాళ్లు హిందువులైతే మాత్రం ఏంది, తల్లికి అందరూ పిల్లలే. చేతికీ తలకీ కాకుండా, చొక్కా లోపల, జేబు ఎనక ఎట్టా పెట్టాలో నేను చూపిస్తా. నువ్వు వద్దంది మామూలు నూనె, ఇది తల్లి నూనె."

శౌరయ్య లేచి నిలబడ్డాడు.

"ఆగు. అది పొయ్యమాక."

ఇక చెప్పక తప్పలేదు. ఎంత మెల్లగా చెప్దామన్నా, రామ్మూర్తి చెయ్యి గురించి చెప్పక తప్పలేదు, పొద్దున ఎండలో కనిపించిన సిలువ గురించి చెప్పక తప్పలేదు. రాగిణి ఏమడిగిందో, తనేమన్నాడో కూడా చెప్పాడు. దానమ్మ తన చూపుడువేలిని చూసుకుంటూ కూర్చుంది.

"అయితే నేను నిన్ను చంపుకోబోయానా?" అంది చివరికి.

"నీకు తెలవదుగా."

"మాత నూనె కూడా అంటుకుంటదా?"

"ఏ నూనైనా అంటుకుంటదే."

"ఎండాకాలంలో పాస్కు పండగ కాడ్నుంచి పెడతన్నా," అంది దానమ్మ. "ఉతికిన ప్రతి చొక్కాకీ పెట్టా. నువ్వు చెప్పే లెక్కన ఎప్పుడో అంటుకోవాలి. మరి ఎందుకు అంటుకోలా?"

మరక చిన్నదనీ, లోపలి వైపుందనీ, వేళ్లు తగిలి ఉండవనీ శౌరయ్య నోటిదాకా వచ్చింది. ఆ జేబులో తను రోజూ పెన్ను పెట్టుకుంటాడు, తీస్తాడు. ఆ సంగతి తనకి తెలుసు. అదృష్టం అందామనుకున్నాడు. ఆ మాట ఆమె ముఖంలోకి చూస్తూ అనలేకపోయాడు.

"నాకు తెలవదే," అన్నాడు.

దానమ్మ ఖాళీ మందుసీసాని పక్కన పెట్టేసింది. నూనె సీసాని మాత్రం రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. దాన్ని ఆమె దగ్గర్నుంచి తీసుకోవడానికి శౌరయ్యకి చెయ్యి రాలేదు.